ఏది దీన్, ఏది కర్నూలు?

గత మాసంలో మేము రెండు రోజులు గొలుగొండలో గడిపాము. వెళ్ళింది ఒక పెళ్ళి సంబంధం విషయమై. మా బాల్యమిత్రులొకరు కర్నూలు వాస్తవ్యులు. ఉద్యోగరీత్యా బదిలీపై వచ్చి మూడేళ్ళుగా అక్కడ సకుటుంబంగా నివసిస్తున్నారు. వారి తమ్మునికి ఆ ప్రాంతపు ముస్లిం కుటుంబం ఒకదాని నుండి సంబంధం వచ్చింది. అబ్బాయికి ఇష్టమే. మిత్రులకూ సమ్మతమే. అభ్యంతరమల్లా వారి సతీమణిది. ఆమె ఇంటికి పెద్దకోడలు. ఆమె వద్దంటే కర్నూలులోని అత్తమామలు అడుగు ముందుకు వేయరు. "నువ్వొకసారి వచ్చి చూడు. నీ మాటంటే మా ఇంట్లో గురి ఉంది" అని మిత్రులు ఫోను చేయగా బయలుదేరాము.

మేము చేరిన మరునాటి ఉదయం వారి చిన్నబాబు పుస్తకాల సంచీ భుజాన వేసుకొని గుమ్మంలో నిలబడి, "అమ్మీ, నాను బడికి ఎల్తన్నాను" అని కేకవేశాడు. భాభీ నుదురు చిట్లించారు. "విన్నారా భాయ్‌సాబ్? 'నాను' అట, 'ఎల్తన్నాను' అట. కర్నూలు నుంచి వచ్చేటప్పుడు చక్కగా ఉర్దూ మాట్లాడేవాడు. ఇక్కడ ఉర్దూ పోయింది, ఉన్న తెలుగూ ఇలా అయింది. ఈ ఊళ్ళో మన తహజీబ్ అన్నదే లేదు. ఇక్కడి పిల్లను ఇంటికి తెచ్చుకొని ఏం చేయమంటారు?"

తహజీబ్ లేని ఊరు ఉంటుందా? ఆ ప్రశ్నను ఆ క్షణాన పైకి అడగలేదు. రొట్టె తింటూ అడగవలసిన ప్రశ్న కాదు. కాని ముందురోజు మేము వచ్చిన దారి మొత్తం ఆ ప్రశ్నతో కలిసి మరలా మనసులో మెదిలింది.

మేము విశాఖపట్నంలో రైలు దిగి, అనకాపల్లి, నర్సీపట్నం మీదుగా బస్సులలో గొలుగొండ చేరాము. 2022 ఏప్రిల్ 4 వరకు ఈ దారంతా ఒకే జిల్లా. ఆ రోజున పాత విశాఖ జిల్లా విడిపోయి విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు ఏర్పడ్డాయి. పూట ప్రయాణంలో దాటే దారి, మాట్లాడేది ఒకే తెలుగు. అయినా బస్సు మారిన ప్రతిచోటా మనుషుల నడక మారింది, ప్రశ్న మారింది, అపరిచితుని చూసే చూపు మారింది. విశాఖలో మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. అనకాపల్లిలో పక్కసీటు పెద్దమనిషి "తమరిది ఏ ఊరండీ? ఎవరింటికి?" అని అడిగి, జవాబు వచ్చేదాకా వదలలేదు. నర్సీపట్నం దాటిన తరువాత మమ్మల్ని చూశారు గాని, అడగలేదు. ఇంత దగ్గరి ఊళ్ళ మధ్య ఇంత తేడా ఎందుకు?

నీరూ నేలా కారణమని పెద్దలంటారు. అది కొంతవరకే నిజమని మా అభిప్రాయం. క్రీ.శ. 1332లో ట్యూనిస్‌లో జన్మించిన ఇబ్న్ ఖల్దూన్ 1377లో పూర్తి చేసిన తన 'ముఖద్దిమా'లో వాతావరణం గురించి చెబుతూనే, జనసమూహాల తీరుతెన్నులు వేరువేరుగా ఉండడానికి వారు బ్రతుకుతెరువు సంపాదించే విధానాలు వేరుగా ఉండడమే కారణమని వాదిస్తారు. ఆ మాటకు ఈ దారి మీద మేము చూసినదాన్ని బట్టి ఒక చిన్న చేర్పు చేయదలిచాము. ఒక ఊరికి పరాయివారు ఏ పని మీద వస్తారు, పని అయ్యాక ఉండిపోతారా, సాయంత్రానికి ఇల్లు చేరుకుంటారా? ఊరి స్వభావాన్ని తీర్చేది ఎక్కువగా ఇదే.

విశాఖను చూడండి. 1901 జనాభా లెక్కల నాటికి అది సుమారు 41 వేల జనం ఉన్న పట్టణం. 2011 నాటికి నగరపాలక సంస్థ పరిధిలో 17 లక్షలు దాటారు. ఈ పెరుగుదల అక్కడ పుట్టినవారితో వచ్చినది కాదు. 1933లో ఓడరేవు ప్రారంభమైంది. 1941లో నౌకానిర్మాణ కేంద్రానికి పునాది పడింది. 1948లో అక్కడ తయారైన 'జల ఉష' నీటిలోకి దిగింది. 1957లో చమురుశుద్ధి కర్మాగారం వచ్చింది. 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. తూర్పు నౌకాదళ కేంద్రం సరేసరి. ప్రతి దశలోనూ ఒరిస్సా నుండి, బెంగాల్ నుండి, తమిళ, మలయాళ దేశాల నుండి, కోస్తా జిల్లాలన్నిటి నుండి మనుషులు వచ్చారు, ఉండిపోయారు. ఉండిపోయినవారే అధికమైన ఊరిలో "మీ తాతగారెవరు" అని అడిగితే ప్రయోజనం లేదు, ఆ తాతను ఎరిగినవారు పక్కవీధిలో ఉండరు. అందుకే విశాఖలో మనిషికి నేటి ఉద్యోగమే చిరునామా. పాతపట్నంలో రేవు ముఖద్వారం వద్ద మూడు కొండలున్నాయి. ఒకదానిపై వేంకటేశ్వరాలయం, ఒకదానిపై చర్చి, ఒకదానిపై హజ్రత్ ఇస్‌హాఖ్ మదనీ దర్గా. దీనిని మతసామరస్యానికి చిహ్నంగా ఉపన్యాసాలలో ఉదహరిస్తుంటారు. ఉదహరించవచ్చు. కాని మాకు అది రేవు ఊరి లక్షణంగా తోస్తుంది. సముద్రం మీద వచ్చేవాడు ఎవడైనా ముందు కొండను చూస్తాడు, తనవారు అక్కడ ఉన్నారా అని వెతుక్కుంటాడు.

అనకాపల్లి అలా కాదు. శారదా నది పక్కన చెరకు పండించే పల్లెల నడుమ వెలసిన ఊరు అది. దేశంలోని అతిపెద్ద బెల్లం మార్కెట్లలో దానిది ఒకటి. చెరకు గానుగాడి, రసం కాగి, దిమ్మలుగా మారి బండ్లమీద ఊళ్ళోకి వస్తుంది. రైతు వస్తాడు. వర్తకుడు దిమ్మ రంగు చూసి, గోటితో గీరి, పలుకు నోట్లో వేసుకొని ధర చెబుతాడు. సరుకు దింపి, లెక్క చూసుకొని, రైతు చీకటిపడే లోపు తన పల్లెకు వెళ్ళిపోతాడు. మరలా వస్తాడు, వచ్చే ఏడూ వస్తాడు, అతని తరువాత కొడుకు వస్తాడు. అప్పులూ ఖాతాలూ తరాల మీద నడిచే చోట మనిషి నేటి ఉద్యోగం కన్న తాతగారి మాట నిలబెట్టుకున్న చరిత్ర విలువైనది. బస్సులో ఆ పెద్దమనిషి మమ్మల్ని "ఎవరింటికి" అని అడిగింది ఆరా తీయడం కాదు. ఏ ఖాతాలో రాసుకోవాలో తెలుసుకోవడం.

ఇక్కడ విజయనగరం సంగతి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాము. అది విశాఖకు ఇంకొక వైపున అరవై కిలోమీటర్ల దూరం. అక్కడికి మనుషులు రేవు కోసం రాలేదు, సంత కోసమూ రాలేదు. రాజు పిలిస్తే వచ్చారు. కోటలో కొలువు, 1879 నాటి కళాశాల, 1919లో వెలసిన సంగీత కళాశాల, దానికి తొలి ప్రధానాచార్యులుగా ఆదిభట్ల నారాయణదాసు. పిలిచి పీట వేసిన విద్వాంసుల ఊరు కనుక విజయనగరంలో నేటికీ మాట్లాడేవాడి కన్న వినేవాడికి గౌరవం ఎక్కువ అని అక్కడి మిత్రులు అంటుంటారు. అంటున్నది కూడా మాట్లాడేవారే అన్నది వేరే విషయం.

ఇక గొలుగొండ. బస్సు నర్సీపట్నం దాటాక కొండలు దగ్గరవుతాయి. ఈ ఊరి పేరుకు ఒక చిత్రమైన చరిత్ర ఉంది. ఒకనాడు గొలుగొండ ఒక జమీను. బాకీలు తీర్చని కారణంగా 1837లో అది వేలానికి వచ్చి, కంపెనీ ప్రభుత్వమే కొనుక్కున్నది. తరువాత గొలుగొండ పేరుతో తాలూకా ఏర్పడింది, కచేరీ మాత్రం నర్సీపట్నంలో పెట్టారు. పేరు ఒక ఊరిది, అధికారం ఇంకొక ఊరిది. రైలు విషయంలో నర్సీపట్నానిదీ అదే గతి. మద్రాసు – హౌరా మార్గంలో 'నర్సీపట్నం రోడ్' అనే స్టేషను ఉంది, దిగినవాడు నర్సీపట్నం చేరడానికి ఇంకా చాలా దూరం రోడ్డున పోవాలి. రైలు వచ్చిన ఊరికీ, రైలు పేరు మాత్రమే తీసుకుపోయిన ఊరికీ తేడా ఉండదా?

కొండవైపు పోయే బస్సులను చూపి 'ఏజెన్సీ బస్సు' అంటారు. ఈ మాట 1839 నాటి చట్టం నుండి వచ్చింది. గంజాం, విశాఖపట్నం కొండప్రాంతాలను మామూలు న్యాయస్థానాల పరిధి నుండి తప్పించి కలెక్టరును గవర్నరు ప్రతినిధిగా, అంటే ఏజెంటుగా నియమించారు. ఆ ఏజెంటు ఏలిన ప్రాంతం ఏజెన్సీ. దాదాపు రెండువందల ఏళ్ళ కిందటి కాగితపు మాట నేడు చింతపండు మూటతో బస్సెక్కే అవ్వ నోట పలుకుతోంది. గొలుగొండ ఆ గీత అంచున ఉంది. ఇటు పల్లం, అటు మన్యం. పల్లం నుండి వచ్చిన అధికారి కొండవారికి ఏమి తెచ్చాడో ఇక్కడి నేలకు బాగా జ్ఞాపకం. పోడు వ్యవసాయంపై ఆంక్షలు తెచ్చాడు, కూలి ఇవ్వక రోడ్డు పని చేయించాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై అల్లూరి సీతారామరాజు దళం దాడి చేయడానికి వెనుకనున్న వేడి అదే. 1924 మే 7న ఆయనను కాల్చి చంపారు. ఆయన సమాధి ఉన్న కృష్ణదేవిపేట నేడు గొలుగొండ మండలంలోనిదే.

ఇటువంటి చోట పల్లం నుండి బదిలీపై వచ్చిన ఉద్యోగి కుటుంబాన్ని ఊరు ఎలా చూస్తుంది? మర్యాదగా చూస్తుంది. కుర్చీ వేస్తుంది, పని చేసిపెడుతుంది. ఇంటిలోపలికి మాత్రం తొందరగా పిలవదు. మూడేళ్ళలో వెళ్ళిపోతారని దానికి తెలుసు. భాభీ "ఇక్కడ ఎవరూ కలవరు" అని ఫిర్యాదు చేశారు. వారి అపార్టుమెంటు విశాఖలో ఉండి ఉంటే ఇదే దూరాన్ని వారు నగర నాగరికత అనేవారేమో. ఊరి పేరు మారితే అదే నడవడికకు మనం పెట్టే పేరు కూడా మారుతుంది.

ఆ మధ్యాహ్నం మిత్రులు మమ్మల్ని చుట్టుపక్కల జరిగే ఒక వారపు సంతకు తీసుకువెళ్ళారు. సంబంధం వచ్చిన వారి కిరాణా కొట్టు అక్కడే ఉంది. సంతలో కొండ మీదినుండి దిగివచ్చిన స్త్రీలు వరుసగా కూర్చున్నారు. పసుపు, చింతపండు, అడ్డాకులు, కొండచీపుర్లు. అమ్మేవారిలో అధికులు స్త్రీలే. అమ్మిన డబ్బుతో ఉప్పు, నూనె, సబ్బు, ఎండుచేపలు కొనేదీ వారే. కిరాణా కొట్టులో గల్లాపెట్టె వద్ద తలపై కొంగు నిండుగా కప్పుకొని అమ్మాయి తల్లి కూర్చుని ఉన్నారు. భర్త వెనుక సరుకు తూస్తున్నారు. ఒక గిరిజన స్త్రీ ధర ఎక్కువన్నది. ఆమె నవ్వుతూ "ఏటప్పా, నీకు నాను ఎక్కువ చెప్తానా?" అన్నారు. భర్త ఏదో కలుగజేసుకోబోతే, "మీరు ఊరుకోండి, ఆ అప్ప సంగతి నాకు తెలుసు" అని ఆపేశారు. ఆయన ఊరుకున్నారు.

భాభీ అభ్యంతరాలలో మొదటిది ఇదే. ఆ ఇంటి ఆడవాళ్ళు కొట్టులో కూర్చుంటారు, మగవాళ్ళకు ఎదురు చెబుతారు. రెండవది, ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటారు. తల్లిని 'అమ్మా' అనే పిలుస్తారు. మూడవది, వారి తిండి. ఆవపిండి పెట్టిన కూరలు, రొయ్యపొట్టు, చోడి అంబలి. నాలుగవది, పెళ్ళి ముచ్చట్లు కర్నూలు పద్ధతిలో ఉండవు.

భాభీని మేము తప్పుపట్టదలచలేదు. ఆమె పెరిగిన ఊరు వేరు. 2011 జనగణనలో కర్నూలు జిల్లా జనాభాలో ముస్లింలు నూటికి 16 మందికి పైగా ఉన్నారు. పాత విశాఖ జిల్లాలో నూటికి ఇద్దరు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో నూటికి ఒక్కరు కూడా నిండరు. కర్నూలులో నవాబుల పాలన నడిచింది. 1947లో డాక్టర్ అబ్దుల్ హఖ్ స్థాపించిన ఉస్మానియా కళాశాల ఉంది. ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది. వీధిలో నడిస్తే సలాములు వినబడతాయి. అటువంటి చోట ఉర్దూ ఇంటిభాష మాత్రమే కాదు, బజారు భాష కూడా. ఇక్కడ వందమందిలో ఇద్దరు. బేరం తెలుగులో, బడి తెలుగులో, పొరుగింటి పలకరింపు తెలుగులో. పగలంతా పెదవుల మీద ఉన్న భాష రాత్రికి ఇంట్లోకి రాకుండా ఎవరు కాపలా కాయగలరు? అయినా ఆ ఇంట అమ్మాయి తాతగారు ఫజ్ర్ నమాజుకు మనుమలను స్వయంగా నిద్రలేపుతారని, ఆ పిల్ల ఖుర్‌ఆన్ పారాయణం ఆయన వద్దనే నేర్చుకున్నదని మిత్రులు చెప్పారు. తాతగారు ఆ పిల్లకు ఆయతుల భావం చెప్పేది తెలుగులోనే.

సాయంకాలం టీ తాగుతూ మేము భాభీకి ఒక సంగతి జ్ఞాపకం చేశాము. పాఠకులలో చాలామందికి ఇది తెలిసినదే. మక్కా, మదీనాలు రెండూ హిజాజ్‌లోని ఊళ్ళే. రెండింటిదీ అరబ్బీయే. కాని మక్కా పంట లేని లోయ, వర్తకుల ఊరు. మదీనా ఖర్జూర తోటల ఊరు. హిజ్రత్ తరువాత మక్కావాసులు మదీనాలో ఏమి చూశారో హజ్రత్ ఉమర్ (రజి) స్వయంగా చెప్పిన సంగతి సహీహ్ బుఖారీలో నమోదై ఉంది. ఖురైషీయులమైన తాము స్త్రీలపై పైచేయిగా ఉండేవారమని, మదీనా వచ్చి చూస్తే అన్సార్ల ఇళ్ళలో స్త్రీల మాట చెల్లుతోందని, తమ స్త్రీలు కూడా వారిని చూసి ఆ తీరు నేర్చుకోసాగారని ఆయన అన్నారు. ఒకనాడు ఆయన భార్య ఆయనకు ఎదురు పలికారు. ఆయనకు కోపం వచ్చింది. నాకు ఎదురు చెబితే మీకెందుకు అభ్యంతరం, దైవప్రవక్త (స) సతీమణులు కూడా ఆయనకు బదులు చెబుతారు కదా అన్నది ఆమె. ఇది విన్న ఉమర్ (రజి) అదిరిపడి కుమార్తె హఫ్సా (రజి) వద్దకు పరుగున వెళ్ళారు. మక్కా పద్ధతికీ, మదీనా పద్ధతికీ మధ్య ఆ ఒక్క ఇంట్లో జరిగిన ఘర్షణ అది. దైవప్రవక్త (స) మదీనా స్త్రీలను మక్కా తీరుకు మార్చమని ఆదేశించలేదు.

భాభీ కొంతసేపు ఊరుకుని, "అది సరే. తిండి మాటేమిటి? ఆ ఆవ ఘాటు నాకు పడదు" అన్నారు. నిజాయితీగల మాట. దానికీ ఒక ఉదంతం ఉంది. ఒకసారి దైవప్రవక్త (స) ముందు కాల్చిన ఎడారి ఉడుము మాంసం పెట్టారు. ఆయన చేయి వెనక్కు తీసుకున్నారు. ఇది నిషిద్ధమా అని హజ్రత్ ఖాలిద్ (రజి) అడిగారు. కాదు, మా వారి ప్రాంతంలో ఇది ఉండదు, అందుచేత నాకు సయించదు అన్న భావంలో ఆయన జవాబిచ్చారు. ఖాలిద్ (రజి) ఆ పళ్ళెం తన వైపు లాక్కుని తిన్నారు, ఆయన చూస్తూ ఉన్నారు. ఊరి రుచినీ, ధర్మపు హద్దునూ ఆయన ఇంత స్పష్టంగా విడదీశారు. మనమో, మనకు సయించనిదాన్ని ముందు 'మనది కాదు' అంటాము, నాలుగు రోజులకు 'మనకు తగదు' అంటాము, చివరకు దానిని దీన్‌కే అంటగడతాము.

అయితే పరాయి ఊరు నచ్చకపోవడం పాపం కాదు. ఇది కూడా చెప్పకపోతే భాభీకి అన్యాయం చేసినవాళ్ళమవుతాము. మదీనా వచ్చిన కొత్తలో హజ్రత్ అబూబక్ర్ (రజి), హజ్రత్ బిలాల్ (రజి) జ్వరాలతో మంచం పట్టారు. బిలాల్ (రజి) జ్వరం తగ్గినప్పుడల్లా మక్కాలోని లోయను, అక్కడి గడ్డిని, నీటిని తలచుకొని కలవరించేవారు. దైవప్రవక్త (స) వారిని మందలించలేదు. మదీనాను కూడా మక్కా వలె తమకు ప్రియమైనదిగా చేయమని, అక్కడి గాలిని ఆరోగ్యకరం చేయమని అల్లాహ్‌ను వేడుకున్నారు. ఈ మన్యపు అంచున కూడా పూర్వం బదిలీ ఉత్తరువు అందుకున్న ఉద్యోగికి మొదట గుర్తొచ్చేది మన్యపు జ్వరమే. భాభీ కళ్ళు చెమర్చాయి. "మా అమ్మ చేసే ఉగ్గాని తిని మూడేళ్ళైంది భాయ్‌సాబ్" అన్నారు. అంతవరకు తహజీబ్ అని ఆమె చెబుతూ వచ్చినదానిలో సగభాగం అమ్మ చేతి ఉగ్గాని అని మాకు అప్పుడు బోధపడింది. అది చిన్న విషయమని మేము అనడం లేదు.

ఆ రాత్రి భోజనానికి అమ్మాయి ఇంటివారు ఆహ్వానించారు. ఆవపెట్టిన పనసపొట్టు కూర ఉంది. భాభీ దాని జోలికి పోలేదు, ఎవరూ బలవంతం చేయలేదు. చివర మాడుగుల హల్వా వడ్డించారు. మాడుగుల ఈ జిల్లాలోనే, ఈ కొండల పాదం వద్దనే ఉన్న ఊరు. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు పిండి, ఆ పాలను పులియనిచ్చి, చక్కెర, నేయి, బాదంపప్పులతో గంటల తరబడి కాచి చేసే మిఠాయి ఇది. శతాబ్దానికి పైగా దీనికి పేరు. అరబ్బీలో తీపిని 'హల్వా' అంటారు. ఆ మాట ఎన్ని ఊళ్ళు దాటి వచ్చిందో! వరి, చోడి పండే చోట గోధుమ పాలతో, అరబ్బీ పేరుతో, ముస్లిమేతర కుటుంబాల చేతుల మీదుగా ఒక తీపి స్థిరపడింది. నేడు విశాఖ వెళ్ళినవారు కూడా దీనిని ఈ ప్రాంతపు సొంత సరుకుగానే కొని తెచ్చుకుంటారు. వెళ్ళిపోకుండా ఉండిపోయిన అతిథి ఈ హల్వా. అమ్మాయి తాతగారి తాత కూడా ఎక్కడినుండో వర్తకానికి వచ్చి ఇలాగే ఉండిపోయినవారట. ఏ ఊరినుండి వచ్చారని మేము అడిగితే తాతగారు కొంత ఆలోచించి, "ఏమోనండి, మాది ఇదే" అన్నారు.

భాభీ హల్వా రెండవసారి వడ్డించుకున్నారు. అమ్మాయి వచ్చి ఆమె పక్కన కూర్చుంది. వారిద్దరూ తెలుగులోనే మాట్లాడుకున్నారు. ఒకరిది సీమ తెలుగు, ఒకరిది ఉత్తరాంధ్ర తెలుగు. ఒకచోట ఇద్దరికీ ఒక మాట అర్థం కాక నవ్వుకున్నారు కూడా. మేము మగవారి వైపు ఉండడం చేత ఆ మాట ఏదో వినలేదు.

తిరిగి వచ్చాక మిత్రులు కర్నూలుకు ఉత్తరం రాయమని మమ్మల్నే అడిగారు. ఫోనులో చెబితే మాట జారుతుందని వారి భయం. భాభీ ఎదురుగా కూర్చుని రాశాము. ఆమె నాలుగు అభ్యంతరాలనూ దాచకుండా రాశాము. రాసి, "ఇందులో దీన్‌కు సంబంధించినవి ఏవి, కర్నూలుకు సంబంధించినవి ఏవి? మీరే గుర్తు పెట్టండి" అని కాగితం ఆమె చేతికిచ్చాము. ఆమె కలం తీసుకొని చాలాసేపు చూశారు. మొదటి మూడింటి పక్కన 'క' అని రాశారు. నాలుగవ దాని పక్కన కూడా 'క' అని రాసి, కొట్టివేసి, మరలా రాశారు. తరువాత ఆ కింద తన చేతివ్రాతతో ఒక వాక్యం చేర్చారు. అమ్మాయి నమాజు, నడవడిక విషయంలో తనకు ఏ అనుమానమూ లేదని, కాని ఆమె కర్నూలు వచ్చి ఒంటరిగా ఏడుస్తుందేమోనని, తాను ఇక్కడ ఏడ్చినట్లు.

ఈ వాక్యం మాకు తోచనిది. మూడేళ్ళు పరాయి ఊళ్ళో ఉన్నవారికే తోచే మాట. అభ్యంతరమని మేము అనుకున్నదాని అడుగున ఇది ఉంది. సంతలో నలుగురు అప్పలతో మాట్లాడుతూ పెరిగిన పిల్ల, ఆడవారు కొట్టు గడప ఎక్కని ఇంట్లో ఏమి చేస్తుంది? ఆ ప్రశ్న కర్నూలువారు ఆలోచించవలసినది. మేము కూడా ఉత్తరంలో ఒక వాక్యం చేర్చాము. కోడలు కోసం ఇంటి పద్ధతి ఎంతవరకు సడలగలదో ముందే చెప్పమని అడిగాము.

మరునాడు బస్సు ఎక్కించడానికి వచ్చినప్పుడు చిన్నబాబు మా చేయి పట్టుకొని, "మళ్ళీ ఎప్పుడొత్తారు?" అన్నాడు. భాభీ ఈసారి అతన్ని సరిదిద్దలేదు. నర్సీపట్నంలో బస్సు మారి, ఉత్తరాన్ని అక్కడి పోస్టు డబ్బాలో వేశాము. ఈ సంచిక అచ్చుకు వెళ్ళే నాటికి కర్నూలు నుండి జవాబు రాలేదు.